బడి భోజనానికి మా ఇంటి రేటింగ్: 5కి 3.5

ముందు మార్కులు చెప్పేస్తా. 5కి 3.5. అన్నానికి, గుడ్డుకి, వడ్డించే అక్కల ఓపికకి ఆ మూడున్నర. కోసేసిన ఒకటిన్నర మాత్రం వంటింటి మీద కాదు, ఆ వంటింటికి లెక్కగట్టి డబ్బులు పంపేవాళ్ళ మీద.

మాది ఆంధ్రాలో ఓ మండల కేంద్రం. పాప జెడ్పీ హైస్కూల్లో ఎనిమిది, బాబు ప్రైమరీ స్కూల్లో మూడు. కాబట్టి రెండు వంటల సంగతీ రోజూ సాయంత్రం ఇంటికొస్తుంది. అంతకుముందు ఇద్దరూ ప్రైవేటులోనే చదివారు. ఏడున్నరకి వ్యాను, ఏడుకల్లా బాక్సులు సర్దాలి, మధ్యాహ్నానికి చల్లారిపోయిన ఆ లెమన్ రైస్ సగం తిని సగం వెనక్కి తెచ్చేవాళ్ళు. గవర్నమెంటు బడికి మార్చాక నాకు మొదట తీరిన టెన్షన్ అదే.

2025 జూన్‌లో బళ్ళు తెరిచినప్పటి నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, తేడా బాగా తెలుస్తోంది. రేషన్ బియ్యం అన్నం వేడి మీద బాగానే ఉండేది కానీ ఆఖరి క్లాసు లైన్లోకి వచ్చేసరికి గరిటెకి అతుక్కునే ముద్ద అయిపోయేది. పైగా అందులో ప్లాస్టిక్ బియ్యం కలుస్తున్నాయని ఒకటే పుకారు. మా బాబు అయితే కాస్త వేరేగా కనబడ్డ గింజనల్లా ఏరి కంచం అంచున పెట్టేవాడు. అవి ప్లాస్టిక్ కాదండీ, బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా చేసి నూటికి ఒకటి చొప్పున కలిపేవాళ్ళు, కడిగేటప్పుడు కొన్ని నీళ్ళ మీద తేలేవి, అనుమానం అక్కడ మొదలైంది. రక్తహీనత తగ్గాలని కలిపిన గింజని పిల్లలు ఏరి పారేస్తుంటే, ఆ ముక్క మా తల్లులకి కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు.

ఇక వంటలు. పులిహోర రోజు ఫిర్యాదే ఉండదు. ఆకుకూర పప్పు కూడా పర్లేదు. సాంబార్ రోజు మాత్రం గిన్నె అడుగు నుంచి తిప్పి వడ్డిస్తే ఒకలా, పైపైన తీసి పోస్తే ఒకలా ఉంటుంది. గుడ్డు వారానికి అయిదు రోజులు, అది నిజంగా మెచ్చుకోవాలి, మా ఇంట్లో నేనే అన్ని పెట్టను. కాకపోతే పెంకుతోనే చేతికి ఇస్తారు, ఒకటో తరగతి పిల్లలు ఒలుచుకోలేక సగం తెల్లసొన పెంకుతో పాటే పోగొడతారు. ఆ అయిదు నిమిషాలు పెద్ద క్లాసు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టినా చాలు. రాగి జావ వేడిగా, బెల్లం బాగా పట్టి ఉంటే రెండో గ్లాసు అడుగుతారు, ఉండ కట్టిందంటే కుళాయి దగ్గర పారబోతే. చిక్కీ బడిలో తినరు, జేబులో వేసుకుంటారు, యూనిఫాం ఉతికేవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు అసలు గొడవ. "ఉన్నోళ్ళ పిల్లలకి కూడా ఎందుకండీ ఫ్రీగా, లేనివాళ్ళకి పెడితే చాలు కదా" అనే తల్లిదండ్రులు మా బడిలోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. లేనివాళ్ళ పిల్లలే తినే రోజు వస్తే, చారు నీళ్ళలా ఉన్నా అడిగే నాథుడు ఉండడు. 2025 జులై 10న మెగా పేరెంట్స్ మీటింగ్ పెట్టి మమ్మల్ని కూడా పిల్లల పక్కన కూర్చోబెట్టి భోజనం వడ్డించారు. మా పక్క వరసలో ఒకాయన, ట్రాక్టరు, నాలుగెకరాలు ఉన్న రైతు, వాళ్ళబ్బాయికి రోజూ క్యారియర్ పంపేవాడు. ఆ రోజు సాంబార్ కలుపుకుని నాలుగు ముద్దలు తిని లేచి నేరుగా హెచ్ఎం గారి దగ్గరికెళ్ళి "ఏమండీ, ఇందులో పప్పు ఏది?" అన్నాడు. అదే మాట మా వీధి కూలీ తల్లి అంతకుముందు రెండుసార్లు అడిగిందట, తలూపి పంపించారు. ఈయన అడిగాక వారం తిరిగేసరికి సాంబార్ చిక్కబడింది. న్యాయమా అంటే కాదు, కానీ మన దగ్గర పని అలాగే జరుగుతుంది. అందుకే అందరి పిల్లలూ తినాలంటాను. ఇంకొకటి, వండేది ఫలానా కులపామె అని పిల్లల్ని తిననివ్వని ఇళ్ళు మన ఊళ్ళలో లేవని బుకాయించక్కర్లేదు. క్యారియర్‌కి కారణం ప్రతిసారీ రుచి కాదు.

డబ్బుల దగ్గరికి వద్దాం. 2025 మే నుంచి కేంద్రం పెంచిన రేటు ప్రకారం ప్రైమరీ పిల్లకి పూటకి 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వాళ్ళకి 10 రూపాయల 17 పైసలు. బియ్యం వేరే వస్తాయి, మన రాష్ట్రంలో గుడ్డు, చిక్కీ కూడా వేరే సప్లై. అయినా ఆ ఆరున్నర చిల్లరలో 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, నూనె, పోపు, గ్యాసు రావాలి. టమాటా రేటు మండిపోయే నెలలో ఎలా వస్తాయో ఒక్కసారి మీ ఇంటి సంచీ పట్టుకుని ఆలోచించండి. వండే ఆమెకి నెలకి 3,000, అదీ ఏడాదికి పది నెలలే. బిల్లులు పడేది ఎప్పుడో. మా బాబు బడిలో వండే ఆమె కిరాణా కొట్లో అప్పు పెట్టి సరుకులు తెస్తుంది, షావుకారు ఇక ఇవ్వనన్న వారం కూరలో ముక్కలు తగ్గుతాయి. ఆమెని తిట్టి ఏం లాభం?

ఈ బడి భోజనం పథకం పేరు ఒకప్పుడు గోరుముద్ద, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారిది. గోదావరి లంకల్లో ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి ఆమె. పేరు చాలా మంచిది. ఆ పేరు మీద వండేవాళ్ళు అప్పు చేసి వండాల్సి రావడమే బాగాలేదు. 2025 జనవరి నుంచి గవర్నమెంటు జూనియర్ కాలేజీల్లోనూ పెడుతున్నారు, సంతోషమే. పాత బిల్లులు కూడా ఆ చేత్తోనే వేస్తే ఇంకా సంతోషం.

మీ పిల్లలకి క్యారియర్ మానిపించాలా వద్దా అని ఆలోచిస్తున్నారా? మీటింగ్ రోజు వంట చూసి తేల్చుకోకండి, ఆ రోజు ఎవరైనా బాగానే వండుతారు. మామూలు మంగళవారమో బుధవారమో బెల్లుకి ముందు వెళ్ళి ఓ ముద్ద తినండి, చెయ్యి కడుక్కునే కుళాయి, ప్లేట్లు తోమే చోటు చూడండి. పిల్లలకి పెట్టకముందే టీచరు రుచి చూసి రాయాల్సిన రిజిస్టర్ ఒకటుంటుంది, అది కూడా అడగండి. మా దగ్గర ఓసారి తెరిస్తే నెలంతా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతలో "బాగుంది" అని ఉంది, ఆదివారాలతో సహా.