వంటగది చేయించుకునేవారికి హెచ్చరిక: కాగితం మీద 710 ప్లైవుడ్, ఇంట్లో బిగించింది పొట్టు బోర్డు

శ్రీకాకుళంలోగాని, చుట్టుపక్కల ఊళ్లలోగాని మాడ్యులర్ కిచెన్ చేయించుకోవాలని డబ్బు కూడబెట్టుకున్న ప్రతి కుటుంబమూ ఇది చివరిదాకా చదవాలని కోరుతున్నాను. పెద్ద పండగ ఆఫరు అంటూ ఊరంతా బోర్డులు పెట్టిన ఆ దుకాణం పేరు నేను రాయడం లేదు. ఆ బోర్డులు చూసినవారికి చెప్పవలసిన అవసరమూ లేదు. మా ఇంట్లో జరిగింది నిన్నగాక మొన్న జరిగింది. కోపం తగ్గిన తరువాత రాయమని మావారు అన్నారు కాని, ఈలోగా ఇంకెవరైనా అడ్వాన్సు కట్టేస్తారేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

వివరాలు క్లుప్తంగా చెబుతాను. ఇల్లు మా మామగారు కట్టించినది. 2014లో హుద్‌హుద్ తుపానుకు వంటగది గోడ నానిపోయింది, అప్పటినుంచి ప్రతి వానాకాలమూ ఆ గోడకు చెమ్మ ఊరుతూనే ఉంది. పాత చెక్క అలమరలు బూజు పట్టి, అడుగున పుచ్చిపోయాయి. నేను నెలనెలా కట్టిన చీటీ చేతికి రావడంతో, నాలుగు లక్షల రూపాయలు దాటకుండా వంటగది మొత్తం మార్చాలని నిర్ణయించుకున్నాము. చెక్కపనికి పన్నుతో కలిపి 2,25,000, తాపీపనికి, టైల్సుకు 50,000, గ్రానైటుకు 40,000, చిమ్నీ, సింకు, కుళాయిలకు 40,000, కరెంటు, ప్లంబింగు పనులకు 20,000, అనుకోని ఖర్చుకు మిగిలిన 25,000 అని కాగితం మీద వేసుకున్నాము. ఇది మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు, మనవంటి మధ్యతరగతి ఇళ్లలో మంచి పని జరగడానికి సరిపోయే మొత్తమే. తాపీ మేస్త్రీ, గ్రానైటు అమ్మిన వారు చెప్పిన ధరకు చెప్పిన పని చేసి పెట్టారు. టెక్కలి వైపు రాయి మనకు దగ్గరే దొరుకుతుంది కాబట్టి షోరూము వారు చూపించిన క్వార్ట్జ్ వద్దని, పాలిషింగు యార్డుకు మేమే వెళ్లి రాయి ఎంచుకున్నాము. అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు. మోసమంతా చెక్కపనిలోనే జరిగింది.

గోడకు చెమ్మ ఉంది కనుక మొదటి రోజునుంచి నేను ఒకే మాట మీద నిలబడ్డాను: నీళ్లు తగిలినా చెడని ప్లైవుడ్ కావాలి. ప్లైవుడ్డులో ఐఎస్ 303 అని ఒక ప్రమాణం, ఐఎస్ 710 అని మరొక ప్రమాణం ఉన్నాయి. 303లో మామూలుగా దొరికే ఎంఆర్ రకాన్ని దుకాణాలలో కమర్షియల్ ప్లై అంటారు. అది గదిలోని తేమను తట్టుకుంటుంది కాని నిలిచిన నీటిని తట్టుకోలేదు. 710 అంటే మెరైన్ ప్లై, దాని ముక్కను 72 గంటలు నీటిలో మరిగించినా పొరలు విడిపోకూడదు. సింకు కింద, గోడ పక్కన పెట్టే పెట్టెలకు ఇదే సరైనదని అందరూ చెబుతారు, ఆ షోరూము యజమాని కూడా అదే చెప్పాడు. కొటేషనులో "ఐఎస్ 710, 18 ఎంఎం, లోపలి పెట్టెలకు, తలుపులకు కూడా" అని స్పష్టంగా రాయించుకున్నాను. లోపల అమర్చే స్టీలు బుట్టలకు "ఎస్ఎస్ 304" అని రాయించుకున్నాను. చదరపు అడుగుకు 1,700 రూపాయలు అన్నది ఆ సరుకును బట్టి ఒప్పుకున్న ధర. ఆర్డరు ఇచ్చేటప్పుడు సగం, సామాను ఇంటికి వచ్చినప్పుడు నలభై శాతం, పని పూర్తయ్యాక పది శాతం ఇవ్వాలన్నది వారు పెట్టిన షరతు. దాని ప్రకారమే దాదాపు 1,70,000 రూపాయలు బ్యాంకు ద్వారా పంపించాము.

పెట్టెలు ఫ్యాక్టరీలో తయారై, లోపలా బయటా తెల్లటి పొర అంటించి వచ్చాయి కాబట్టి లోపలి చెక్క ఏ వైపునుంచీ కనిపించలేదు. అంచులన్నింటికీ పట్టీ అంటించి ఉంది. వాటిని గోడకు బిగించి, పైన గ్రానైటు పరిచి, సింకు అమర్చిన తరువాత ప్లంబరు వచ్చి, మురుగు పైపు కోసం సింకు కింది పెట్టె వెనక పలకకు గుండ్రంగా రంధ్రం కోశాడు. ప్లైవుడ్ కోస్తే సన్నని పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా కనిపించాలి. అక్కడ ఒక్క పొర కూడా లేదు. ముతక రంపపు పొట్టును జిగురుతో అదిమిన పలక అది, దానినే పార్టికల్ బోర్డు అంటారు. కోసిన బిళ్లను ప్లంబరు నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇది ప్లై కాదు, ఓసారి ఓనరుగారిని అడగండి" అన్నాడు. ఆ బిళ్లను ఒక రాత్రి బకెట్టు నీళ్లలో ఉంచాము. తెల్లవారేసరికి అది ఉబ్బిపోయి, వేలితో నొక్కితే అంచు రాలిపోతోంది. నానని చెక్క కోసం నేను కట్టిన డబ్బుకు వచ్చిన సరుకు అది.

దీనిలోని అసలు ప్రమాదం చాలామందికి తట్టకపోవచ్చు కాబట్టి వివరంగా చెబుతున్నాను. మా గట్టు ఒక గోడకు పది అడుగులు, రెండో గోడకు ఎనిమిది అడుగులు, వెడల్పు రెండు అడుగులు, అంటే మూల ఒక్కసారే లెక్కిస్తే 32 చదరపు అడుగుల రాయి. పద్దెనిమిది మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు అడుగు సుమారు నాలుగున్నర కిలోలు ఉంటుంది, అంటే దాదాపు 145 కిలోల బరువు ఈ పొట్టు పెట్టెల మీద కూర్చుని ఉంది. దాని మీద గ్రైండరు, బిందెలు, కుక్కర్లు ఉంటాయి. కింద సింకు గొట్టం ఒక్కసారి కారినా, వానాకాలంలో గోడ చెమ్మ తగిలినా ఆ పెట్టె అడుగు ఉబ్బి కుంగుతుంది, అతికించిన రాయి పగులుతుంది. ఇప్పుడు పెట్టెలు మార్చాలంటే రాయి ఎత్తాలి, రాయి ఎత్తితే మళ్లీ అదే రాయి పనికి వస్తుందన్న నమ్మకం లేదు. రాయి పరిచేవరకు చెక్క బయటపడకుండా పని వరుస పెట్టుకోవడం యాదృచ్ఛికం అని నేను నమ్మడం లేదు.

ఇప్పుడు నేను మరిచిపోలేని మాట చెబుతాను. ఆ బిళ్ల ఫోటో పంపి యజమానికి ఫోను చేశాను. ఆర్డరు ఇచ్చే రోజున "మేడం, మీరు ఇంత వివరంగా అడుగుతుంటే మాకే సంతోషంగా ఉంది" అని కూల్‌డ్రింకు తెప్పించిన మనిషి, ఈసారి నా మాట సగంలో ఆపి, "అమ్మా, బోర్డుల సంగతి మీకేం తెలుస్తాది? సార్‌ని లైన్లోకి రమ్మనండి" అన్నాడు. చీటీ నాది, కొటేషను చదివి సంతకం పెట్టింది నేను, బ్యాంకునుంచి డబ్బు పంపింది నేను. ఆ మాటే చెప్పి, కాగితంలో 710 అని మీరే రాశారు కదా అని అడిగితే, "అది అందరికీ రాసేదే, లోపల ఏముందో చుట్టాలొచ్చి చూస్తారా, పైన మెరుపు చూస్తారు గాని" అన్నాడు. స్పీకరులో ఉన్న ఆ మాటను మా అత్తగారు, ప్లంబరు, తలుపులు బిగిస్తున్న ఇద్దరు పనివాళ్లు కూడా విన్నారు. చెమ్మ గోడ ఉన్న ఇంట్లో రోజూ వంట చేసే మనిషితో అన్న మాట అది. నలభై ఏళ్లుగా అదే వంటగదిలో వండిన మా అత్తగారు అక్కడే పీటమీద కూర్చుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆ బిళ్లను చేతిలో తిప్పి తిప్పి చూశారు.

ఆ తరువాత జరిగింది ఇంకా ఘోరం. సరుకు మార్చేదాకా మిగిలిన పది శాతం ఇవ్వనని చెప్పాను. పది నిమిషాలు కూడా గడవకముందే ఆయన పనివాళ్లకు ఫోను చేసి, అప్పటికే బిగించిన తలుపులన్నీ విప్పి బండిలో వేసుకుని రమ్మన్నాడు. మేము డబ్బు కట్టిన తలుపులు అవి. నేను అడ్డు నిలబడితే వారిలో పెద్దవాడు, "మేం కూలోళ్లం అమ్మా, విప్పమంటే విప్పాలి, మా మీద కోపం పెట్టుకోకండి" అని తల దించుకుని స్క్రూలు తీశాడు. అతని మీద నాకు కోపం లేదు. కాని భోగికి ముందు రోజు, ఊరినుంచి ఆడపడుచు కుటుంబం బయలుదేరి వస్తున్న వేళ, తొంభై శాతం డబ్బు తీసుకున్న మనిషి మా ఇంట్లోంచి మా తలుపులు మోయించుకుపోయాడు. అరిసెల పాకం పట్టవలసిన రోజున మేము గిన్నెలన్నీ హాల్లో పరిచిన దుప్పటి మీద పెట్టుకున్నాము. వస్తువు నాసిరకమైతే అది వ్యాపారంలో అన్యాయం. కట్టిన డబ్బుకు వచ్చిన సరుకును ఇంట్లోనుంచి తీసుకుపోవడాన్ని ఏమనాలో చదివేవారే చెప్పాలి.

కోపంలో కొటేషను మళ్లీ చదివితే మరో సంగతి బయటపడింది. ఎల్ ఆకారపు గట్టుకు మూలన ఉండే పెట్టె ఒక్కటే. కాని వారు పది అడుగుల గోడను పూర్తిగా, ఎనిమిది అడుగుల గోడను పూర్తిగా కొలిచి, కింది వరుసకు పద్దెనిమిది అడుగులు రాశారు. నిజానికి మూల రెండు అడుగులు తీసివేయాలి, అది పదహారు. పై వరుస అలమరలు ఒక అడుగు లోతు కాబట్టి అక్కడ ఒక అడుగు తీసివేయాలి. కింద 33 అంగుళాల ఎత్తుకు, పైన రెండు అడుగుల ఎత్తుకు లెక్క వేస్తే ఏడున్నర చదరపు అడుగులు ఎక్కువ పడ్డాయి, అంటే 12,750 రూపాయలు లేని చెక్కకు కట్టాము. ఇది ఒక్క మా కొటేషనులోనే జరిగి ఉంటుందని నేను అనుకోను. ఎల్ ఆకారం, యు ఆకారం వంటగది చేయించుకున్న ప్రతివారూ తమ కాగితం తీసి మూలలు చూసుకోవాలి. యు ఆకారానికైతే రెండు మూలలు ఉంటాయి.

బుట్టల మీద ఏ ముద్రా లేదు. 304 అనే స్టీలులో నికెల్ దాదాపు ఎనిమిది శాతం ఉంటుంది. చవకైన 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు కాబట్టి మనలా సముద్రపు గాలి వీచే జిల్లాలో అది త్వరగా తుప్పు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెబుతారు, అది నమ్మకండి, రెండింటికీ అయస్కాంతం సరిగా అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే మేలు. బిల్లు అంటే జీఎస్టీ బిల్లు. మాకు కొటేషనులో పన్ను పద్దెనిమిది శాతం అదనమని రాసి, ఇప్పటిదాకా ఎస్టిమేటు చీటీలు తప్ప అసలైన బిల్లు ఒక్కటీ ఇవ్వలేదు. బిల్లు లేకుండా చేస్తే పన్ను మిగులుతుందని మధ్యలో ఒకసారి ఆశ కూడా పెట్టారు, మేము వద్దన్నాము.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాము. యజమానికి రాతపూర్వకంగా నోటీసు పంపుతున్నాము. జవాబు రాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్తాము. కట్టిన సొమ్ము యాభై లక్షల లోపు ఉన్న కేసులు జిల్లా కమిషనే వింటుంది, అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోగా వేయాలి. మనం ఉన్న జిల్లాలోనే కేసు వేసుకునే వీలుంది కాబట్టి, విశాఖలో కొన్నవారు కూడా అంత దూరం తిరగనక్కరలేదు. ఆ కోసిన బిళ్ల, నానబెట్టిన ముక్క ఫోటోలు, కొటేషను, బ్యాంకు లెక్క, ఫోను వచ్చిన సమయాలు అన్నీ ఒక కవరులో పెట్టాను.

ఇక కొనేవారికి నాలుగు మాటలు. తెల్ల పొర అంటించకముందు షీట్లు చూపించమని అడగండి. ప్రతి షీటు మీద ఐఎస్ఐ గుర్తు, ప్రమాణం సంఖ్య, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ముద్రించి ఉండాలి. ఆ సంఖ్యను, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, లైసెన్సు అమలులో ఉందో లేదో తెలుస్తుంది. ఫ్యాక్టరీలో చూపించడం కుదరదంటే ఆ పని వద్దనండి. పెట్టెలు ఇంటికి వచ్చాక, గ్రానైటు పరచకముందే సింకు కింది పెట్టెకు పైపు రంధ్రం కోయించండి. అంత పెద్ద మొత్తం ముందుగా ఇవ్వడానికి ఒప్పుకోకండి, బిగించి ముగించే పనికి కనీసం ఇరవై అయిదు శాతం మీ దగ్గరే ఉండాలి.

ఇదే దుకాణానికి ఇప్పటికే మొదటి సగం కట్టినవారు మీలో ఉంటే, సామాను వచ్చిన రోజున రెండో వాయిదా పంపకముందు ఒక పెట్టె అంచు పట్టీ కొద్దిగా ఊడదీయించి, లోపల పొరలున్నాయో పొట్టు ఉందో మీ కళ్లతో చూడండి. మీకూ పొట్టే కనిపిస్తే ఫోటో తీసి నాకు సందేశం పంపండి, కమిషను ముందు మన కాగితాలు ఒకేసారి పెడదాము.