మే నెలలోనూ నిలబడిన తెల్లసొన: పటమటలో గుడ్ల కొట్టు

ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను. వారానికి నాలుగైదు అట్టల గుడ్లు కావాలి. పోయిన వేసవిలో మా వీధి చివర కొన్న గుడ్లు నన్ను ఏడిపించాయి. కొడితే పెంకు పొడిపొడిగా రాలి సొనలో పడేది. తూస్తే ఒక్కోటి 48 గ్రాములు, అదే కొట్టులో సంక్రాంతికి కొన్నవి 56 తూగాయి. తెల్లసొన ఎంత గిలకొట్టినా నురగ నిలిచేది కాదు. అడిగితే "ఎండాకాలం గుడ్డు అంతేనమ్మా" అన్నాడు.

అంతే కానక్కర్లేదని విజయవాడ పటమట రైతుబజారు దగ్గరి కొట్టు చూశాక తెలిసింది. యజమానికి నూజివీడు వైపు సొంత షెడ్డు ఉంది. "నమ్మకం లేకపోతే వచ్చి చూడమ్మా" అంటే నిజంగానే వెళ్లాను, మే నెల మిట్టమధ్యాహ్నం.

కోడికి చెమట పట్టదు. ఎండ ముదిరితే నోరు తెరిచి వగరుస్తుంది. అలా వగర్చినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే కదా, ఆ కార్బొనేటు తయారీకే కొరత వస్తుంది. పైగా వేడికి దాణా ముట్టదు, గుడ్డు చిన్నదవుతుంది. నేను తూచిన 48 గ్రాముల లెక్క అక్కడ తేలింది.

ఆ షెడ్డులో కప్పు మీద కొబ్బరాకులు పరిచి నీళ్లు చల్లుతున్నారు, లోపల మంచులా సన్నగా నీళ్లు చిమ్మే ఫాగర్లు, పక్కలకి తడి గోనెపట్టాలు. దాణా తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలాక. సాయంత్రం దాణాలో గుల్ల ముక్కలు కలుపుతారు. పెంకు పోసుకోవడానికి కోడికి 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రే. ఆ వేళకి కాల్షియం కడుపులో ఉండాలని ఈ ఏర్పాటు. ఇంత శ్రద్ధ చూసి నాకు ముచ్చటేసింది.

దీపావళి తర్వాత ఒక అట్టలో ఎర్రగుడ్ల మీద విభూతి రాసినట్టు తెల్లటి పూత కనిపించింది. టపాసులకు కోళ్లు బెదిరి గుడ్డును లోపలే ఆపుకుంటే పైన ఇంకో పొర సున్నం పడుతుందట. నేను అడగకముందే ఆయనే చూపించి చెప్పాడు. లోపల సొన బాగానే ఉంది.

ప్రతి అట్టకీ గుడ్డు పెట్టిన తేదీ చీటీ ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కోడిని ఎంత చల్లగా ఉంచినా, గుడ్డును వారం రోజులు వేడి కొట్టులో పెడితే తెల్లసొన పలచబడిపోతుంది. ఇక్కడ రెండు రోజులు దాటిన అట్ట నాకింతవరకు ఇవ్వలేదు. మే నెలలో కూడా పళ్లెంలో పగలగొడితే పచ్చసొన చుట్టూ తెల్లసొన గుండ్రంగా, ఎత్తుగా నిలబడింది. స్పాంజి పొంగింది.

పచ్చసొన లేత పసుపు రంగులో ఉంటుంది, ముదురు రంగు కావాలనేవాళ్లు పెదవి విరుస్తారు. అది దాణాలో మొక్కజొన్న, బంతిపూల పొడి ఎంత పడిందన్నదాన్ని బట్టి వచ్చే రంగు, దాంతో బలం కొలవకండి.

అట్టకి బయటికంటే 25 రూపాయలు ఎక్కువ. ఇంటికి పంపరు. పది దాటితే ఖాళీ అట్టలే మిగులుతాయి. మంగళ, శనివారాలు సరుకు దిగుతుంది, ఎనిమిదిలోపు వెళ్లండి, సంచిలో కాకుండా బుట్టలో తెచ్చుకోండి.