పారిస్ గాజుకప్పు బజార్ల టూరు బుక్ చేస్తున్నారా? ముందు ఇది చదవండి

నిన్న శనివారం సాయంత్రం జరిగింది ఇది. కోపం ఇంకా చల్లారలేదు, రాత్రంతా నిద్ర లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పారిస్‌లో పాతకాలపు పసాజ్‌లు, అదే గాజుకప్పు వేసిన బజారు సందులు, నడిపించి చూపిస్తామని మనవాళ్ళందరూ వాడే ఆ బుకింగ్ యాప్‌లో ఒక టూరు ఉంది. మూడు గంటలు, మనిషికి 45 యూరోలు. "స్టాంపుల దుకాణాల్లో అరగంట" అని అందులో స్పష్టంగా రాసుంది. దాన్ని కొనకండి. నేను ఆ ఒక్క లైను చూసే నాన్నగారికీ నాకూ రెండు టికెట్లు తీసుకున్నాను.

నాన్నగారు కాకినాడలో పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. స్టాంపులంటే ప్రాణం. మా నాయనమ్మ పెళ్ళి యానాంలో జరిగింది. బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం వచ్చాక ఇటువైపు వాళ్ళు చిన్నపిల్లల పెళ్ళిళ్ళకి ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న యానాం వెళ్ళేవారని, దాన్ని కల్యాణపురం అనేవారని గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పెళ్ళినాటి కవరొకటి మా ఇంట్లో ఉంది. దాని మీద స్టాంపు ఊడిపోయింది. ఫ్రెంచి ఇండియాకి 1914లో వచ్చిన బ్రహ్మ బొమ్మ స్టాంపు అది. నాన్నగారి ఆల్బంలో దాని చోటు ఇప్పటికీ ఖాళీ. ఖరీదైనదేమీ కాదు, దొరకాలంతే. పారిస్‌లో పసాజ్ దే పనోరమాలో పాత స్టాంపులు, పోస్టుకార్డులు అమ్మే దుకాణాలున్నాయని ఆయన ఎప్పటినుంచో వింటున్నారు. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగంలో చేరాక ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

మధ్యాహ్నం రెండున్నరకి గలెరీ వివియెన్ దగ్గర మొదలైంది. అది 1826 నాటిది. కిందంతా మొజాయిక్ ముగ్గులు, పైన గాజులోంచి పాలనురుగు లాంటి వెలుతురు. నాన్నగారు మెడ పైకెత్తి అలాగే నిలబడిపోయారు. గైడు మాత్రం రెండు వాక్యాలు చెప్పి బయల్దేరిపోయాడు. ఈ సందులు అసలెందుకు కట్టారని నాన్నగారు అడిగితే వినిపించుకోలేదు. నేను చదివి వెళ్ళాను గనక నేనే చెప్పాను. అప్పట్లో పారిస్ వీధులకి ఫుట్‌పాత్‌లుండేవి కావు, మురుగు, బురద, మీదికొచ్చే గుర్రపుబళ్ళు. వాన పడ్డా తడవకుండా, కాళ్ళకి బురద అంటకుండా బజారు చేసుకోడానికి రెండు వీధుల మధ్య ఇలా దారి వేసి పైన గాజు పరిచారు. తర్వాత పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లొచ్చాయి, ఊరంతా పడగొట్టి వెడల్పు రోడ్లు వేశారు, ఒకప్పుడు వందకి పైగా ఉన్నవి ఇప్పుడు ఇరవై చిల్లరే మిగిలాయి. "అయితే ఇది మన పాత బజారుకి చలువ పందిరి వేసినట్టన్నమాట" అన్నారు నాన్నగారు. ఎంత సంతోషంగా ఉన్నారో అప్పుడు.

మూడున్నరకి పనోరమా గేటు దగ్గరికి చేరాం. 1800లో తెరిచిన బజారు. బయటినుంచే లోపల వేలాడే బోర్డులు కనిపిస్తున్నాయి. నాన్నగారు జేబులోంచి రుమాలు తీశారు. అందులో ఆయన భూతద్దం, స్టాంపులు పట్టుకునే ట్వీజర్ చుట్టి ఉన్నాయి. ఇండియానుంచి అలాగే తెచ్చుకున్నారు. గైడు ఆగి, "ఇప్పుడు రద్దీగా ఉంది, చివర్లో తీరిగ్గా తీసుకొస్తాను" అన్నాడు. నేను నమ్మాను. ఇక్కడే నా తప్పు. గేటు బార్లా తీసి ఉంది. లోపలికి వెళ్ళడానికి టికెట్టు లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. గైడుని వదిలేసి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిస్తే అయిపోయేది. 90 యూరోలు కట్టానుగదా అని గుంపు వెనకాల నడిచాను.

ఎక్కడికి తీసుకెళ్ళాడో తెలుసా? పక్కవీధిలో ఒక సెంటు దుకాణానికి. టూరు వివరాల్లో దాని ఊసే లేదు. కింద సెల్లార్‌లో బెంచీల మీద కూర్చోబెట్టి కాగితం ముక్కలు వాసన చూపించారు, తర్వాత సీసాలు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చారు. గంటా పది నిమిషాలు! నేను రెండుసార్లు లేచి అడిగాను, రెండుసార్లూ "ఐదు నిమిషాలు" అన్నాడు. బయటికొచ్చేటప్పుడు మెట్ల దగ్గర నిలబడ్డ అమ్మాయి పెన్ను క్యాపుతో మా తలలు లెక్కపెట్టింది. చీటీ మీద పద్దెనిమిది అని వేసి, సంతకం పెట్టి గైడు చేతిలో పెట్టింది. అతను దాన్ని మడిచి పర్సులో పెట్టుకున్నాడు. అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు.

మళ్ళీ పనోరమాకి వచ్చేసరికి ఐదున్నర దాటింది. నాన్నగారు మోకాళ్ళ నొప్పితోనే గబగబా నడిచారు. మేం చూస్తుండగానే స్టాంపుల దుకాణం పెద్దాయన షట్టర్ దించుతున్నారు. అద్దం వెనకాల పోస్టుకార్డుల పెట్టెలు వరసగా కనిపిస్తున్నాయి. పక్క దుకాణం అప్పటికే మూసేశారు. నేను గైడుతో, "చివర్లో అన్నావు, చూడు" అన్నాను. అతను అందరి ముందూ ఇలా అన్నాడు: "ఒక్క ముసలాయన స్టాంపుల కోసం మిగతావాళ్ళ టైము పాడుచెయ్యలేను. ఫోన్‌లో చూసుకోమనండి, ఇంకా బాగా కనిపిస్తాయి."

నాన్నగారికి ఇంగ్లీషు బాగా వచ్చు. ప్రతి మాటా అర్థమైంది. భూతద్దాన్ని మళ్ళీ రుమాల్లో చుట్టి, ముడి బిగించి, జేబులో పెట్టుకున్నారు. "పోనీలే అమ్మలూ, బజారు చూశాంగా" అన్నారు. ఆ మాట చెవిలో ఇంకా తిరుగుతోంది. నాకు కన్నీళ్ళాగలేదు.

డబ్బు వెనక్కి అడిగితే యాప్‌వాళ్ళ జవాబు ఒక్కటే: "టూరు పూర్తయినట్టు గైడు నమోదు చేశారు." వివరాల్లో రాసిన అరగంట ఏదయ్యా అంటే మళ్ళీ అదే వాక్యం అతికించారు. ఈరోజు ఆదివారం. పొద్దున్నే మళ్ళీ వెళ్ళాం, స్టాంపుల దుకాణాలు మూసే ఉన్నాయి. రేపు తెల్లవారుజామున ఆయన ఫ్లైటు.

వెళ్ళేవాళ్ళుంటే అసలు గైడే వద్దు. గ్రాండ్ బూలెవార్ స్టేషన్లో మెట్రో దిగండి. రోడ్డుకి ఒకవైపు పనోరమా, దాటితే ఎదురుగా పసాజ్ జూఫ్రువా, దాని చివర వీధి దాటితే పసాజ్ వెర్దో. మూడూ వరసగా ఉంటాయి. జూఫ్రువా, వెర్దో రెండూ 1840ల్లో కట్టినవి. వెర్దోలో పాత పుస్తకాలు, పాత చిత్రాలు అమ్మే దుకాణాలున్నాయి. ఆదివారం వద్దు, మామూలు రోజు మధ్యాహ్నమే వెళ్ళండి. దేనికోసం వెళ్తున్నారో ముందు అది చూసుకోండి, ఎవరు తర్వాత అన్నా ఆగకండి. టూరే కావాలంటే మధ్యలో దుకాణాలకి తీసుకెళ్తారేమో ముందే రాతలో అడిగి, ఆ జవాబు దాచుకోండి.

ఇంకొక్కటి. మీలో ఎవరైనా ఈ నెలలో అటు వెళ్తుంటే నాకు మెసేజ్ పెట్టండి. ఫ్రెంచి ఇండియా, 1914, బ్రహ్మ బొమ్మ. ఏ విలువదైనా సరే, ముద్ర పడినదైనా పర్లేదు. డబ్బు ముందే పంపిస్తాను. కాకినాడకి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే చాలు.