డొనేషన్ కమేలియా: నాలుగు వసంతాల తరువాత

వసంతంలో పూసే కమేలియాలలో (ఇవి తేయాకు మొక్కకు దగ్గరి బంధువులైన పూలపొదలు) ఒక్క మొక్కకే చోటున్నవారు ఏది నాటాలని అడిగితే, నేను సందేహించకుండా డొనేషన్ రకం పేరు చెబుతాను. ఇది జపోనికా, సాలుయెనెన్సిస్ జాతుల సంకరం. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో ఆ రెండు జాతులను మొదట కలిపిన జె.సి. విలియమ్స్ పేరు మీదుగానే ఈ వర్గాన్ని విలియమ్సియై అంటారు. దీని పువ్వు అటు రేక పువ్వూ కాదు, ఇటు పూర్తి ముద్దపువ్వూ కాదు. గులాబీ రంగు రేకుల మీద అంతకంటే ముదురు ఈనెలు, నడుమ పసుపు కేసరాలు కనిపిస్తాయి. పరిమళం కోరేవారు మాత్రం దీనిని ఎంచుకోనక్కరలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పూసే తీరు కాదు, రాలే తీరు. జపోనికా రకాలలో చాలావాటికి వాడిన పూలు గోధుమరంగుకు తిరిగి కొమ్మనే పట్టుకొని వేలాడుతుంటాయి. డొనేషన్ తన పూలను తానే రాల్చుకొని, కొత్తగా విచ్చేవాటికి చోటిస్తుంది.

నా అసంతృప్తి అంతా కుండీకి కట్టి ఇచ్చిన సూచనల చీటీ మీదనే. మొగ్గలు కనిపించాక బాగా నీరు పోయమని మాత్రమే అందులో ఉంది. నిజానికి వచ్చే వసంతపు మొగ్గలు అంతకుముందు వేసవిలోనే, కొత్త చిగుళ్లు ముదిరే వేళ, రూపు కడతాయి. ఆ సంగతి తెలియక మొదటి ఏడాది వేసవి చివర పాదు ఎండనిచ్చాను. తరువాత ఎంత నీరు పోసినా మొగ్గలు విచ్చకుండానే రాలిపోయాయి. రెండవ ఏడాది నుంచి ఆ నెలలలో తేమ ఆరనివ్వలేదు. వేళ్లు పైపైనే పాకుతాయి కనుక ఎండుటాకులను మందంగా పరిచాను, కాండాన్ని మాత్రం తాకనివ్వలేదు. ఆ మరుసటి వసంతంలో కొమ్మ కొమ్మకూ పూలే.

నేల విషయంలో ఇది రాజీపడదు. మట్టిలోని ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ కొలత 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. సున్నపు నేలలో ఇనుము అందక, ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపుబారుతుంది. అటువంటి నేల ఉన్నవారు ఆమ్లగుణం గల మట్టి నింపిన పెద్ద కుండీలో పెంచి, వీలైనంతవరకు వాననీరే పోయడం మేలు. మంచు గడ్డకట్టే ప్రాంతాలలో తూర్పు ఎండ నేరుగా తగిలే చోటు తగదు. గడ్డకట్టిన మొగ్గ ఒక్కసారిగా కరిగితే చెడిపోతుంది. కత్తిరింపు అవసరమైతే పూలు అయిపోయిన వెంటనే చేయాలి, ఆలస్యమైతే కత్తెరకు పడేది వచ్చే ఏటి మొగ్గలే.