ఎర్రర్ కోడ్ మాయమైతే ఆటోక్లేవ్ బాగైనట్టు కాదు: కొనబోయేవారికి హెచ్చరిక

దంతవైద్యశాలకో చిన్న నర్సింగ్ హోముకో ల్యాబుకో బల్లమీద పెట్టుకునే ఆటోక్లేవ్ (ఆవిరితో పరికరాల మీది క్రిములను చంపే యంత్రం) కొనే ఆలోచనలో ఉన్నవారు డబ్బు కట్టేముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. మేము మా దంతవైద్యశాల కోసం 18 లీటర్ల క్లాస్ బి యంత్రాన్ని ఒక డీలరు దగ్గర తీసుకున్నాము. ఛాంబర్‌లోకి ఆవిరి పంపడానికి ముందు అందులోని గాలిని పంపుతో పలుమార్లు లాగివేయడమే ఈ తరగతి ప్రత్యేకత. హ్యాండ్‌పీస్ (పళ్లను డ్రిల్ చేసే పరికరం) వంటి బోలు పరికరాలలో గాలి మిగిలిపోతే అక్కడికి ఆవిరి చేరదు కాబట్టి మామూలు యంత్రం కంటే ఎక్కువ ధర పెట్టేది ఈ ఒక్క పనికోసమే.

కొన్ని నెలలకు సైకిల్ మొదటి దశలోనే ఆగిపోయి తెరమీద కోడ్ రావడం మొదలైంది. డీలరు మనిషి యంత్రాన్ని చూడకుండానే, ఫోనులో కోడ్ విని, వాక్యూమ్ పంపు పోయిందని తేల్చేశాడు. పంపు అరిగే వస్తువు గనుక వారంటీ వర్తించదన్నారు. కొత్త పంపు వేశారు, పాతది పట్టుకుపోయారు. వారం తిరగకముందే అదే కోడ్ మళ్లీ వచ్చింది.

ఇక్కడ కొనేవారు గ్రహించవలసిన విషయం ఒకటుంది. ఈ కోడ్లకు అన్ని కంపెనీలకూ ఒకే పట్టిక అంటూ లేదు. ఒక తయారీదారు దగ్గర తలుపు సరిగా పడలేదని చెప్పే అంకె మరొకరి దగ్గర హీటర్ వేడెక్కిందని చెప్పవచ్చు. మాకు వాట్సాప్‌లో పంపిన పట్టిక మా మోడల్‌ది కానే కాదు. సరైన పట్టిక ఉన్నా, సైకిల్ ఏ దశలో ఏ షరతు తీరక ఆగిందో మాత్రమే కోడ్ చెబుతుంది, ఏ భాగం చెడిందో చెప్పదు. వాక్యూమ్ అందలేదన్న ఒక్క కోడ్ వెనుక గట్టిపడిన డోర్ గ్యాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ), దూది పోగులతో మూసుకుపోయిన డ్రెయిన్ ఫిల్టర్, పూర్తిగా మూసుకోని సొలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్), గోడకు ఆనించి పెట్టడం వల్ల వేడి బయటకు పోని కండెన్సర్ (ఆవిరిని చల్లార్చే భాగం), చివరికి పంపు, ఏదైనా ఉండవచ్చు. ఖర్చు తక్కువైన వాటినుంచి చూసుకుంటూ రావలసింది పోయి, మా విషయంలో ఖరీదైన దానితోనే మొదలుపెట్టారు.

రెండోసారి వచ్చిన టెక్నీషియన్ తెరమీద ఏవో బటన్లు నొక్కి, సాఫ్ట్‌వేర్ సరిచేశానని చెప్పి వెళ్లాడు. ఆ తరువాత కోడ్ రాలేదు. అయితే పరికరాలు పెట్టి మూసే పౌచ్‌లు తడిగా బయటికి రాసాగాయి. పౌచ్ మీది టేప్ చారలు మామూలుగానే నల్లబడుతున్నాయి. పౌచ్ బయట వేడి ఆవిరి తగిలితే చాలు అవి నల్లబడతాయి కనుక, బోలు పరికరాల లోపలికి ఆవిరి చేరిందనడానికి వాటిని నమ్మి లాభం లేదు. సన్నని గొట్టం చివరిదాకా ఆవిరి చేరుతోందో లేదో చూపే హెలిక్స్ టెస్ట్ పెట్టి చూస్తే, మీటరున్నర పొడవూ రెండు మిల్లీమీటర్ల లోవ్యాసమూ ఉన్న ఆ గొట్టం చివరి గూటిలో పెట్టిన, ఆవిరి తగిలితే రంగు మారే స్ట్రిప్ సగం వరకు రంగు మారకుండానే ఉంది.

అప్పుడు డీలరుతో సంబంధంలేని ఒక బయోమెడికల్ ఇంజనీరును పిలిపించాము. ఆయన ముందుగా చేసింది లీక్ టెస్ట్. చల్లారి, పొడిగా ఉన్న ఖాళీ ఛాంబర్‌లోంచి గాలి లాగించి, ఐదు నిమిషాలు కుదురుకోనిచ్చి, తరువాత పది నిమిషాలపాటు పీడనం ఎంత పెరుగుతుందో చూస్తారు, నిమిషానికి 1.3 మిల్లీబార్లు దాటకూడదు. వాక్యూమ్ అసలు అందకపోతే పంపునూ ఫిల్టర్‌నూ అనుమానించాలి. అంది, ఆ తరువాత జారిపోతూ ఉంటే ఎక్కడో గాలి చొరబడుతున్నట్టు. మాది రెండో రకం. గ్యాస్కెట్‌ను ఊడదీసి చూపించారు: కింది అంచున సున్నంలాంటి తెల్లని పొర పేరుకుని, ఆ మేరకు రబ్బరు చీలి ఉంది. పంపు ధరతో పోలిస్తే గ్యాస్కెట్ ధర లెక్కలోనిది కాదు. అంతకంటే ఘోరం, టెక్నీషియన్లు యంత్రం సెట్టింగులు మార్చే సర్వీస్ మెనూలో బయటపడింది. గాలి ఎంతవరకు లాగాలన్న పరిమితిని సడలించి పెట్టారు; అందుకే యంత్రం నోరు మూసుకుంది. నా దృష్టిలో ఇది నాసిరకం మరమ్మతు కూడా కాదు, రోగుల ప్రాణాలతో చెలగాటం.

ఉష్ణోగ్రత కోడ్ వస్తే కంట్రోల్ బోర్డు మార్చాలనేవారిని ముందు ఉష్ణోగ్రత సెన్సార్ నిరోధం కొలిచి చూపమనండి. పీటీ 100 సెన్సార్ సున్నా డిగ్రీల వద్ద 100 ఓములు, 100 డిగ్రీల వద్ద 138.5 ఓములు చూపాలి. మామూలు మల్టీమీటర్ సరిపోతుంది. తెరమీద ఉష్ణోగ్రతకూ పీడనానికీ పొంతన కుదురుతోందో లేదో కూడా గమనించండి. బయటి గాలి పీడనం కంటే 121 డిగ్రీలకు సుమారు 1.05 బార్, 134 డిగ్రీలకు సుమారు 2.05 బార్ ఎక్కువగా ఉండాలి. పీడనం అంతకు మించి ఉంటే లోపల గాలైనా మిగిలి ఉంది, సెన్సారైనా తప్పు చూపుతోంది. నీళ్ల సంగతికొస్తే, క్యాన్‌లలో వచ్చే ఆర్వో నీళ్లు పనికిరావు, డిస్టిల్డ్ వాటరే పోయాలి.

కొనేటప్పుడు మీ మోడల్‌కే చెందిన కోడ్ల పట్టికను కాగితం మీద అడిగి తీసుకోండి. మెనూలో లీక్ టెస్ట్ ఉన్న యంత్రాన్నే తీసుకోండి. బిగించిన రోజే సర్వీస్ మెనూలోని అంకెలన్నింటినీ ఫొటో తీయించండి, ప్రతి మరమ్మతు తరువాత వాటితో సరిచూడండి. లీక్ టెస్ట్ ఫలితం చూపనిదే ఏ భాగానికీ డబ్బు కట్టవద్దు, తీసేసిన భాగాన్ని పట్టుకుపోనివ్వవద్దు. వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారుల చట్టం మీకు వర్తించదని డీలర్లు దబాయిస్తారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొని వాడుకునేవారిని 2019 చట్టం వినియోగదారులుగానే గుర్తిస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

గ్యాస్కెట్ మార్చి, పరిమితిని యథాస్థానానికి తెచ్చాక హెలిక్స్ స్ట్రిప్ పూర్తిగా రంగు మారింది. ఆ మధ్యకాలంలో సిద్ధం చేసి ఉంచిన పౌచ్‌లన్నీ విప్పి, పరికరాలను మళ్లీ మొదటినుంచి స్టెరిలైజ్ చేయించాము. పంపు డబ్బు తిరిగి ఇమ్మని రాసిన ఉత్తరానికి డీలరు నుంచి ఇంతవరకు జవాబు లేదు.