కూల్ పాపా బెల్ కోసం రెండు ఊళ్లు తిరిగాం

మా బావకి క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టదు. "బేస్‌బాల్ మ్యూజియం కోసం నాలుగు గంటల డ్రైవా?" అని సెయింట్ లూయిస్‌ దాటేదాకా సణుగుతూనే ఉన్నాడు.

ముందు ఆ ఊరి సంగతి. బుష్ స్టేడియం బయట, ఆ ఊరి బేస్‌బాల్ జట్టు కార్డినల్స్ ఆటగాళ్ల కంచు విగ్రహాల మధ్య, పాతకాలపు ఆటగాడు కూల్ పాపా బెల్ కూడా ఉన్నాడు. కార్డినల్స్‌కి ఆయన ఒక్క మ్యాచ్ ఆడలేదు. నల్లవాడని ఆడనివ్వలేదు. 1922లో ఇదే ఊళ్లో, నల్లవాళ్ల లీగ్‌లోని సెయింట్ లూయిస్ స్టార్స్‌లో పిచ్చర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా చేరి, తర్వాత మైదానం వెనక భాగంలో మధ్యన కాసే సెంటర్ ఫీల్డ్‌కి మారాడు. కాళ్లలో అంత వేగం ఉంది కాబట్టి బాగా ముందుకొచ్చి నిలబడేవాడట, తల మీదుగా వెళ్లే బంతిని వెనక్కి పరిగెత్తి పట్టుకోగలనని ధీమా. 1947లో తెల్లవాళ్ల పెద్ద లీగ్ జాకీ రాబిన్సన్ అనే నల్ల ఆటగాడికి గేటు తెరిచేసరికి బెల్‌కి నలభై దాటాయి. ఆట మానేశాక ఇక్కడి సిటీ హాల్లో రాత్రి కాపలా కాశాడు. 1974లో బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

విగ్రహానికి టికెట్ లేదు, పావుగంట చాలు. మ్యాచ్ రోజు మాత్రం పార్కింగ్ జోలికి పోకండి.

అసలు చూడాల్సింది కాన్సస్ సిటీలో, 18వ వీధి, వైన్ కూడలిలోని నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం. సోమవారం సెలవు. 1920లో రూబ్ ఫోస్టర్ అనే ఆయన నల్లవాళ్ల లీగ్ మొదలుపెట్టిన వైఎంసీఏ భవనం దగ్గర్లోనే ఉంది. లోపలికి వెళ్లగానే కంచు ఆటగాళ్లున్న మైదానం కనిపిస్తుంది, కానీ మధ్యలో కోళ్లగూటికి కట్టేలాంటి ఇనుప వల. ఫోటోలూ జెర్సీలూ అన్నీ చూసుకుంటూ చుట్టూ తిరిగొస్తేనే చివర్లో లోపలికి దారి. అవుట్‌ఫీల్డ్‌లో బెల్ పక్కన బావ చాలాసేపు నిలబడ్డాడు. రెండు గంటలు కేటాయించండి. తర్వాత ఆర్థర్ బ్రయంట్స్‌లో బార్బెక్యూ తినండి, క్యూ ఉన్నా సరే.

హోటల్ మాత్రం దండగ. చెక్-ఇన్‌కి గంట నిలబెట్టారు, ఏసీ రాత్రంతా మోత. పైగా స్విచ్ నొక్కిన రెండు క్షణాలకి గానీ లైటు ఆరదు. బెల్‌కీ ఒకసారి సరిగ్గా ఇలాంటి గదే దొరికిందట. లైటు ఆరేలోపు మంచమెక్కి, గదిలో తోడున్న సాటి ఆటగాడు సాచెల్ పేజ్ దగ్గర పందెం గెలిచాడు. బావ కూడా ప్రయత్నించాడు. మోకాలు ఇంకా వాచే ఉంది.