డెంటన్ టైర్ల షాపు: తారీఖు చూపించాకే బిగించారు

మాది ఫోర్డ్ ఈ-450 వ్యాను ఛాసిస్ మీద కట్టిన క్లాస్ సి మోటార్‌హోమ్, అంటే చక్రాల మీద తిరిగే చిన్న ఇల్లు. ముందు రెండు, వెనక జంటలుగా నాలుగు, మొత్తం ఆరు టైర్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పటి పాత టైర్ల మీద డాట్ నంబరు (టైరు పక్కగోడ మీద అచ్చుపోసి ఉండే తయారీ నంబరు) చివర 2216 అని ఉంది, అంటే 2016లో 22వ వారంలో తయారైనవి. మా దగ్గరికి వచ్చిన మామయ్య గారు విజయవాడలో లారీలు తిప్పిన మనిషి. వంగి చూసి, "గ్రిప్పు ఇంకా బోలెడుంది కదమ్మా, అప్పుడే తీసేయడం ఎందుకు?" అన్నారు. లారీకైతే ఆ లెక్క సరిపోతుంది. రోజూ తిరిగే టైరు ముసలిదయ్యేలోపే అరిగిపోతుంది. మా బండి ఏడాదిలో ఎక్కువ భాగం స్టోరేజీ యార్డులో టెక్సస్ ఎండకి నిలబడే ఉంటుంది. టైరు తిరుగుతుంటేనే రబ్బరులోని మైనం పైకొచ్చి కాపాడుతుంది. నిలబెట్టిన బండికి ఆ భాగ్యం లేదు. పక్కగోడల మీద సన్నటి నెర్రెలు కనిపిస్తూనే ఉన్నాయి. పదేళ్లు దాటితే చూడ్డానికి బాగున్నా మార్చేయమని మిషెలిన్ కంపెనీయే చెబుతుంది.

ముందు ఇంటి దగ్గర్లో ఉన్న పెద్ద షాపుకి వెళ్లాం. ఫోన్‌లో "అంతా ఫ్రెష్ స్టాకే" అన్నారు. బిగించే ముందు చూపించమంటే నాలుగు 2025లో తయారైనవి, రెండు మాత్రం 4721, అంటే 2021 చివర్లోవి. "వాడలేదు కాబట్టి కొత్తవే" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. గోడౌన్ నీడలో ఉన్న టైరు ఎండలో ఉన్నంతగా పాడవదు, నిజమే. కానీ మేం కొనేది మైళ్లు కాదు, ఏళ్లు. రేటు పైసా తగ్గించకుండా మూడున్నరేళ్లు ఎందుకు వదులుకోవాలి? వచ్చేశాం.

డెంటన్‌లో 35వ నంబరు హైవే పక్కన ఉన్న ట్రక్కు టైర్ల షాపు పెద్దాయన మాత్రం ఫోన్ హోల్డ్‌లో పెట్టి, ర్యాకు దగ్గరికెళ్లి నంబర్లు చదివి వినిపించాడు. మేం వెళ్లేసరికి ఆరు టైర్లూ నేల మీద పరిచి, ఒక్కో తారీఖు చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీసి పెట్టాడు. అన్నీ 0925, 1125.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత చేసిన పని. ఈ టైర్లకి పూర్తి నంబరు ఒక పక్కే ఉంది. వెనక జంటలో లోపలి టైరు నంబరు రెండో టైరు వైపు తిరిగి ఉంటే, చక్రం విప్పితే తప్ప చదవలేం. అందుకని లోపలి వాటికి నంబరు ఛాసిస్ వైపు, బయటి వాటికి బయటికి కనిపించేలా రిమ్ముకి ఎక్కించాడు. ఇప్పుడు బండి కిందికి టార్చి పట్టుకుని దూరితే చాలు. వాల్వులు కూడా రబ్బరువి తీసేసి మెటల్‌వి వేశాడు. మామూలు రబ్బరు వాల్వులు తట్టుకునే గాలి ఒత్తిడి 65 పీఎస్ఐ వరకే, మేం నింపేది 80 దాకా.

టైరుకి ఇరవై డాలర్ల దాకా ఎక్కువే పడింది, పాత టైర్లు పారేసే ఫీజు వేరే. కూర్చోడానికి రెండు కుర్చీలు, పొద్దుటి నుంచీ మాడుతున్న కాఫీ. అలైన్‌మెంట్ అక్కడ చేయరు, దానికి ఇంకో చోటికి పోవాల్సిందే. శనివారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు లారీల వాళ్లు లైను కట్టేస్తారు.